వరికి దొరికిన వైద్యం

సమ్మమ్మ హసన్‌పర్తిలో మా బడికి ఆయా. గంట కొట్టేది, కుండలు నింపేది, చిన్న తరగతుల పిల్లల ముక్కులు తుడిచేది. మనిషి లావు. ఈ మాటకు పాత తెలుగులో ‘బలం’ అని అర్థం. దాన్ని నిందగా మార్చుకున్నది మన కాలమే. ఆ మార్పులో నా వాటా కూడా ఉంది. ఉపమాలంకారం చెప్పినప్పుడల్లా గంట దగ్గరికి వెళ్లే ఆమె నడకను ఉదాహరణగా చూపి తరగతిని నవ్వించేవాణ్ని. లక్షణం చక్కగా కుదిరిందని గర్వపడేవాణ్ని కూడా.

ఎనభై మూడు మృగశిర కార్తెలో నీళ్ల డ్రమ్ము అంచు కోసుకొని ఆమె కుడికాలు మోకాలి కింద చీలింది. నార్లు పోశారు, నాట్లు పడ్డాయి. పుండు మాత్రం మానలేదు. చుట్టూ ఎర్రగా వాచి, తాకితే నిప్పులా ఉండేది. సర్కారు దవాఖానలో మూత్రం పరీక్షిస్తే చక్కెర లేదన్నారు. డాక్టరు ఆమె ముఖమైనా చూడకుండా, “ముందు ఆ కొవ్వు తగ్గించు. మేసుడు బంద్ చెయ్యి. లేకుంటె కాలు తీసేసుడే” అన్నాడట. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారట.

ఆ ఆజ్ఞను ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. కొవ్వంటే నీసు, గుడ్డు, పప్పు, పల్లీలు అనుకొని అన్నీ మానేసింది. పొద్దున గంజి, మాపటికి కోటా బియ్యపు అన్నం, పచ్చిపులుసు. రెండు నెలలకు ఒళ్లు తగ్గలేదు కాని జుట్టు రాలింది, నాలుకకు రుచి పోయింది, రూపాయి బిళ్లంత పుండు అరచేయంత అయింది.

ఆ రోజుల్లోనే ఆమె తమ్ముడు ఉప్పలయ్య పొలంలో వరి ఆకులకు తుప్పురంగు మచ్చలు వచ్చాయి. వ్యవసాయాధికారి బండి మీద వచ్చి, గట్టున కూర్చుని, ఏమేం వేశావని అడిగి, భూమిలో జింకు లేదని తేల్చి మందు కొట్టించాడు. చేను తేరుకుంది. వరి మొక్కకు దక్కిన ఆ మర్యాద మనిషికి దక్కలేదు!

ఒకనాడు గంట ఆలస్యమైంది. వెళ్లి చూస్తే సమ్మమ్మ స్తంభం పట్టుకొని నిలబడి ఉంది.

“కాలు తీసేస్తరట సారూ. గంటెవలు కొడ్తరు?”

హనుమకొండలో కొత్తగా దవాఖాన పెట్టిన నా పాత విద్యార్థి కరీముద్దీన్ దగ్గరికి ఆమెను రిక్షాలో తీసుకెళ్లాను.

“ఏం తింటానవ్ అమ్మా?” అన్నాడతను.

“తినుడు బంద్ జేసిన బిడ్డా. గంజి తాగుతాన.”

“పప్పు?”

“కొవ్వు గాదా!”

“గుడ్డు?”

“నన్ను సంపుతవా ఏంది?”

అతడు కలం కింద పెట్టి నావైపు తిరిగాడు. “ఒళ్లు నిండుగ ఉంటె పోషణ నిండుగ ఉన్నట్టు గాదు సార్. ఇంత లావుల లోలోపల వాపు రగులుతనే ఉంటది. పైకెల్లి ఈ పుండు. ఆ వాపుకు నెత్తుట్ల జింకు పడిపోతది. ఉన్న కాసింత తిండి గూడ మనమే గుంజుకున్నం. నెత్తుట్ల జింకు చూసే పరీక్ష ఇక్కడ లేదు, బిళ్లలు ఇచ్చి చూద్దాం.”

“అంటే, గింత పెయ్యేసుకొని నేను కరువుల ఉన్ననా?” అంది సమ్మమ్మ. క్షణం ఆగి భగ్గుమంది: “మా తమ్ముని చేను కాడికి బండేసుకొని వచ్చి అడిగిండ్రు. నన్ను ఒక్కడన్న ‘ఏం తింటానవే’ అని అడిగిండా? నువ్వడిగినవా సారూ? పోరగాండ్లను నవ్వియ్య తెలిసె నీకు!”

మందుల చీటీ నేనే అందుకున్నాను.

రోజూ కట్టు, సూదిమందు, జింకు బిళ్లలు, పప్పు, గుడ్లు, జొన్నరొట్టె. బతుకమ్మ నాటికి పుండు అంచులు గులాబీరంగుకు తిరిగాయి, కార్తీకానికి పూడింది. ఒళ్లు కొద్దిగానే తగ్గింది.

మానిన మర్నాడే ఆమె మళ్లీ సర్కారు దవాఖానకు వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. తన వంతు వచ్చేదాకా నిలబడి, కాలెత్తి డాక్టరు బల్ల మీద పెట్టింది.

“కాలున్నది. కొవ్వు గూడ ఉన్నది. రెండు పూటల గుడ్డు తింటాన. రాసుకో!”

అతడు తలెత్తకుండా “నెక్స్ట్” అన్నాడు. లేచి వచ్చినది మరో భారీ మనిషి, కాలికి గుడ్డ చుట్టుకొని ఉంది. సమ్మమ్మ ఆమె భుజం పట్టి ఆపింది.

“ఏం తింటానవో ముందుగాల నువ్వే చెప్పు అక్కా. ఈయన అడగడు.”