ఫిల్టరుకు పూసిన నూనె

సగం ఎత్తు ఎక్కేసరికి వ్యాను రెండో గేరుకి దిగి, ఉబ్బసం మనిషిలా రొప్పసాగింది. పక్క సీట్లో చేతిసంచీ ఒళ్లో పెట్టుకున్న చెవుల మేస్త్రి కళ్లు తెరవలేదు. చెవి డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నాడు. ఎడమ చెవి ఇక పనిచేయదన్న సంగతి ఆ డాక్టరు కుడివైపుకు వచ్చి మరీ చెప్పాడు. బస్సు తప్పి రోడ్డు పక్కన నిలబడితే, ముక్కూ మొహం తెలియని ఈ డ్రైవరు జాలిపడి ఎక్కించుకున్నాడు.

ఇంజనుకి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్పేవాడు కనుక ఆయనకా పేరు. నలభై ఏళ్లు ఆ చెవులే అన్నం పెట్టాయి. తరవాత బండ్లకి సెన్సర్లొచ్చాయి, చెవి పని పోయి, తీగ తగిలిస్తే జబ్బు చూపించే స్కానరొచ్చింది. అరవై దాటాక, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని అదీ నేర్చుకున్నాడు. కొత్తది నేర్వడం అంత కష్టమనిపించలేదు. పాతది మానడమే చేతకాలేదు.

"లాగడం లేదేం బాబూ?" అన్నాడు కళ్లు మూసుకునే.

"తాగుతుంది బాబాయ్, లాగదు. అచ్చం మా పక్కింటాయనే!" డ్రైవరు నవ్వబోయి మానేశాడు. "లీటరుకి పద్నాలుగు వచ్చేది, తొమ్మిదికి పడింది. నేనే డీజిలు తీసి అమ్ముకుంటున్నానంటాడు మా ఓనరు. ఈ లోడు దింపి తాళాలిచ్చి పొమ్మన్నాడు."

"స్కానరు పెట్టించావా?"

"రెండుసార్లు, టౌన్లో. తప్పేం లేదంది. ఇంకేముంది, తప్పు నాదే అయింది. నిన్న మా ఆవిడ కూడా అడిగింది బాబాయ్, నిజం చెప్పు, తీస్తున్నావా అని."

మేస్త్రి కళ్లు తెరిచాడు. ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకోవాలని ఒళ్లంతా గోల పెడుతోంది. అయినా, "పక్కకి ఆపు," అన్నాడు.

బానెట్ ఎత్తగానే కనబడింది. గాలి ఫిల్టరు డబ్బా మీద పసుపు రంగుతో వేసిన తారీఖు, నాలుగు నెలల కిందటిది. అందులో తోక పైకి లేచిన తొమ్మిది అంకె ఆయన చేతిరాతే. ఈ ఓనరు వ్యాన్లు ఆరూ ఆయన షెడ్డుకే వస్తాయి. డ్రైవరు కొత్తవాడు, మూడు నెలల కిందట చేరాడు. అందుకే ఒకరికొకరు తెలియదు.

మూత తీశాడు. ఫిల్టరు నూనెతో నిగనిగలాడుతోంది. పాత ఇంజన్లకి నాలుగు చుక్కల నూనె పూస్తే దుమ్ము అంటుకుని ఆగేది. చెయ్యి అదే అలవాటున పూసేసింది, ఆయన్ని అడక్కుండానే. ఫిల్టరు వెనక, లోపలికొచ్చే గాలిని కొలిచే సన్నటి తీగ సెన్సరు ఒకటుంది. ఆ నూనె మెల్లమెల్లగా దానికి పట్టి, గాలి తక్కువగా చూపిస్తోంది. బండిలోని కంప్యూటరు దాన్ని నమ్మి డీజిలు కోస్తుంది, బండి లాగదు. డ్రైవరు చిన్న గేర్లలో పెడలు నేలకి తొక్కిపట్టి ఈడ్చుకొస్తాడు, డీజిలు అలా పోతుంది. స్కానరు మరీ అడ్డంగా మాట్లాడే సెన్సర్నే పట్టుకుంటుంది. కొంచెం తగ్గించి చెప్పేదాన్ని పట్టించుకోదు.

సెన్సరు వైరు పీకి, "ఇప్పుడు తొక్కు," అన్నాడు.

మీటర్లో పసుపు దీపం వెలిగింది. సెన్సరు మాట అందకపోయేసరికి కంప్యూటరు తన అంచనాతోనే డీజిలు పోసింది. వ్యాను మూడో గేర్లో ఎత్తు ఎక్కేసింది. డ్రైవరు స్టీరింగు మీద దరువు వేశాడు.

"ఏం మంత్రం వేశావు బాబాయ్!"

"మంత్రం కాదు. ఫిల్టరుకి నూనె పూశారు. కొత్త ఫిల్టరు వేయించి, సెన్సరుని స్ప్రేతో కడిగించి, వైరు పెట్టించు. గుడ్డ తగలనీయకు."

"ఎవడా వెధవ మెకానిక్కు? వాడికి చేతులా, తెడ్లా?"

మేస్త్రి వేళ్లకంటిన నూనెని సంచీకి తుడుచుకున్నాడు.

"అయినా మా ఓనరు నమ్మడులే. దారినపోయే పెద్దాయన చెప్పాడంటే పగలబడి నవ్వుతాడు."

ఎత్తు దాటాక మేస్త్రి మళ్లీ ఆపించాడు. దిగి, తన ఫోను కుడి చెవికి పెట్టుకున్నాడు.

"నేనండీ, మేస్త్రిని. మీ డీజిలు ఎవరూ తియ్యలేదు. ఫిల్టరుకి నూనె పూసింది నేను. పొరపాటు నాదే... ఆఁ, ఆరు బండ్లకీ పూశాను. మిగతా అయిదూ ఇంకెవరికైనా చూపించండి, నా దగ్గరికి వద్దు. మీ డ్రైవరు ఇక్కడే ఉన్నాడు, మాట్లాడండి."

నోరు తెరుచుకుని నిలబడ్డ డ్రైవరు చేతిలో ఫోను పెట్టాడు. అవతల ఓనరు గొంతు మెత్తబడింది. "ఆఁ సార్... లేద్సార్... రేపొస్తా సార్," అంటూ డ్రైవరు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మేస్త్రి సంచీ అందుకుని బస్టాపు వైపు నడిచాడు. ఫోను మరిచిపోయాడని డ్రైవరు వెనక నుంచి కేకేసి, పరిగెత్తుకొచ్చి ఆయన జేబులో పెట్టి, ఎడమ పక్కన నడుస్తూ ఏదో అడిగాడు. ఆ వైపు చెవి వినబడదు. మేస్త్రి తల తిప్పలేదు, నడుస్తూనే పోయాడు.