పాకంలో పెట్టిన వేలు

"రోజూ సేతులు సూసుకుంటన్నావా, గుంటా?"

"సూసుకుంటన్నానమ్మా."

డాక్టరమ్మా నేనూ చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. ముసలితనంలో తన దేశం వెళ్లిపోతూ, అనకాపల్లి స్టేషన్లో రైలు కిటికీలోంచి అడిగింది. ఈ పూట గాలిలో బెల్లం వాసన రాగానే ఆ గొంతు మళ్లీ వినబడింది. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని మా చెల్లెలి మనవరాలు సుజాతను కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

కె. కోటపాడు దగ్గర మా ఊళ్లో, చెరకు నరికే రోజులొస్తే, ఎద్దుల గానుగ కిర్రుమంటుంటే, పిప్పి మంట మీద పెనంలో రసం నురగలు కక్కి ఎర్రబడుతుంటే, పిల్లలం అరిటాకు ముక్కలు పట్టుకుని మూగేవాళ్లం. ఆకులో పోసిన వేడి పాకంలో వేలు పెట్టి ఎవరు ఎక్కువసేపు ఉంచితే వాళ్లదే గెలుపు. నేనెప్పుడూ ఓడలేదు.

"ఓలమ్మో, ఈ గుంటది ఉక్కు సెయ్యిరా!" అని మా మామ నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పేవాడు.

జ్వరాలకూ పుళ్లకూ మందులిస్తూ వారానికోసారి జీపులో వచ్చే తెల్లదొరసాని మా డాక్టరమ్మ. మాలాగే మాట్లాడేది. మామ గొప్పగా నా బొబ్బల వేలు చూపించాడు. ఆమె నవ్వలేదు. అరచేత్తో నా కళ్లు మూసింది.

"కోడీకతో ముట్టుకుంటాను. ఎక్కడో సెప్పు."

ఎంతసేపటికీ ఏమీ తెలియక, "ఇంకా ముట్టుకోలేదు కదమ్మా?" అన్నాను.

కుష్ఠు అని ఆమె చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్లు జరిగిపోయారు. భుజానికెత్తుకున్న మామే నన్ను ఊరి బయట పాకలో పెట్టమన్నాడు. డాక్టరమ్మ నా ఆకులోని పాకం తీసి నోట్లో వేసుకుంది.

"మందుంది, ఏళ్లు పడతాది. దాసేరంటే మాత్రం వేళ్లు పోతాయి. ఇంకొంచెం ఎయ్యి, గుంటా."

ఏళ్లపాటు మాత్రలు మింగాను. నన్ను చేసుకున్నాయన అన్నీ తెలిసే చేసుకున్నాడు. పోయేదాకా సాయంత్రం దీపం దగ్గర, నాకు తెలియకుండా ఎక్కడైనా కాలిందా తెగిందా అని నా చేతులు తిప్పి చూసేవాడు.

ఇప్పుడు ఎద్దుల గానుగ పోయి ఇంజనొచ్చింది. ఆ జీపు లేదు, డాక్టరమ్మ లేదు, మాత్రలిచ్చిన గదికి తాళం. దాచుకోవడం ఒక్కటే పోలేదు. ఇదిగో, సుజాత కలం ఆపేసింది.

"అమ్మమ్మా, రోగం పేరొద్దు. పెద్ద జొరమని రాత్తాను. నాకు సంబంధాలు సూత్తన్నారు కదా."

నా పది వేళ్లూ దాని మొహం ముందు పెట్టాను.

"ఇయి దాసకపోబట్టే ఉన్నాయే. కుష్ఠనే రాయి, నయమైపోయిందని రాయి. కింద అప్పలనరసమ్మని నా పేరెట్టు. రాసీసేవా? ఏదీ, ఆ ముక్క సదివి ఇనిపించు."