ఈశాన్యంలో జనరేటరు

మా ఉప్పుగూడ గల్లీలో కరెంటు పోతే ముందు కేకలు మొదలవుతాయి. ఎదురింటి ఆపా గడపలో నిలబడి "అక్కా, మీకున్నదా?" అని అరుస్తుంది. "లేదు, మీకో?" అని మనం అరవాలి. పక్కింటివాళ్లు అందుకుంటారు, మూలమీది ఇంటివాళ్లు అందుకుంటారు. పోయింది ఒక్క ఇంట్లోనా, గల్లీ మొత్తమా అని తెలుసుకోవడానికి ఎప్పుడో మొదలైన అలవాటు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా అరుపులే.

ఊపిరితిత్తులు చెడిపోయాక నేను ఆ కేకకు జవాబివ్వడం మానేశాను. అరవాలంటే ఊపిరి ఉండాలి కదా! నా మంచం పక్కన ఆక్సిజన్ మిషను ఉంటుంది. గదిలో గాలిని లాక్కుని, వడగట్టి, సన్నటి గొట్టంతో నా ముక్కుకు అందిస్తుంది. కరెంటు ఉన్నంతసేపే దాని దయ. ఇంట్లో చిన్న ఇన్వర్టరు ఉంది గానీ అది లైటుకూ ఫ్యానుకూ పెట్టుకున్నది. ఈ మిషను తగిలిస్తే కాసేపటికే చేతులెత్తేస్తుంది.

మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలివానకు ట్రాన్స్‌ఫార్మరు పేలింది. మా ఆయన అర్చకులు, ఆ వేళకు గుడిలో ఉన్నారు. ఆపా కేకేసింది. నా నుంచి జవాబు లేదు, అది మామూలే. కానీ మా ఇంట్లో ఇన్వర్టరు లైటు కూడా ఆరిపోవడం చూసి ఆవిడకు అనుమానం వచ్చిందట. గల్లీ దాటి లోపలికొచ్చేసరికి నేను గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని కూర్చున్నాను. వాళ్లాయన ఆటో పిలిచాడు. భాయ్‌కి లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. గాజులు ఎత్తినంత జాగ్రత్తగా నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు.

బతికాను. బతికి ఇంటికి వచ్చేసరికి నా తమ్ముడు నా చీరలు సంచిలో సర్దుతున్నాడు.

వాడు ఊరికి ఆ చివర, ఆకాశాన్నంటే బిల్డింగులో ఉంటాడు. "అక్కా, మా దగ్గర లిఫ్టుకు గూడ జనరేటర్ ఉన్నది. కరెంట్ పోయిందన్న సంగతే తెల్వది. నడువు, పోదాం" అన్నాడు.

"మీ బావో?"

"బావకు గుడి ఉన్నది గదా. ఆదివారం ఆదివారం వచ్చి చూసి పోతడు."

ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఒక్క కంచం పొత్తున బతికిన మనిషి ఆదివారాలు వచ్చి నన్ను చూసి పోవాలట! "నేనేమన్న పార్సిల్‌నారా, కట్టి తీస్కపోనీకి? జనరేటర్ మీ ఇంట్లనే ఉంటదా? నేనే కొనుక్కుంట" అన్నాను.

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "సరే అక్కా. దసరా ముంగట వస్త. నువ్వు ఒక్కదానివే ఇంట్ల ఉన్నప్పుడు కరెంట్ పోతే ఎట్ల చేస్తవో నాకు చూపియ్యి. నడిచిందంటే నేను నోరెత్తను. నడవలేదంటే నువ్వు నోరెత్తకుండ కార్ల కూసోవాలె" అన్నాడు. సరేనన్నాను. నా ఇంట్లో నేనుండాలంటే పరీక్ష పాసవ్వాలన్నమాట. కానీ, చూద్దాం!

మలక్‌పేటలో జనరేటర్ల దుకాణానికి ఆటోలో వెళ్లాం. ఒళ్లో చిన్న సిలిండరు, కాళ్ల దగ్గర దుప్పట్లో చుట్టిన నా ఆక్సిజన్ మిషను. దాన్నెందుకు మోసుకెళ్లడమని మా ఆయన దారంతా గొణుగుతూనే ఉన్నారు. దుకాణంవాడు నన్ను చూడనే లేదు. మాటలన్నీ మా ఆయనతోనే. పెద్ద ఎర్ర డబ్బా ఒకటి లాగి, తాడు గుంజి, బల్బు వెలిగించాడు.

"చూసిండ్రా సార్, ఎట్ల ఎలుగుతుందో! మస్తు మాల్ ఇది."

"నేను బల్బుతోని ఊపిరి తీస్కోను నాయనా. దీన్ని పెట్టు" అని దుప్పటి విప్పాను.

వాడు ముఖం చిట్లించుకునే తగిలించాడు. ఎర్ర డబ్బా లారీలా మొత్తుకుంటోంది. బల్బు ఓసారి భగ్గుమంటుంది, ఓసారి వాడిపోతుంది. నా మిషను రెండు మూడు సార్లు గురగురలాడి, ఎర్ర లైటు వేసి కుయ్యోమని అరిచింది.

"మీ మిషన్ల ఏదో ఖరాబ్ ఉన్నదమ్మా."

"పొద్దుటిదాంక మంచిగనే ఉండె. నీ దుకాణంల అడుగు పెట్టంగనే ఖరాబ్ అయిందా?"

మా ఆయన నా మోచేయి గిల్లారు. నేను పట్టించుకోలేదు. మూలన మూసిన పెట్టెలాంటిది ఇంకొకటి కనిపించింది. చిన్నదే, కానీ ఖరీదు పెద్దది. ఇది కరెంటును ఎగుడుదిగుడు లేకుండా ఇస్తుందని వాడే చెప్పాడు, కొనేవాళ్లు కాదులే అన్న గొంతుతో. తగిలించమన్నాను. నా మిషను ఇంట్లో ఉన్నట్టే హాయిగా ఊపిరి పీల్చుకుంది. చప్పుడు కూడా పాత మిక్సీని మించలేదు. మా ఆయనకు ధర చూసి చెమట పట్టింది. నేను ధర వంక చూడలేదు.

"ఇప్పుడు బంద్ చెయ్యి. నేను స్టార్ట్ చేస్త" అన్నాను.

దుకాణంవాడు పగలబడి నవ్వాడు. "అమ్మా, ఈ తాడు గుంజుడు మీతోని కాదు. సార్ గుంజుతరు తియ్యుండ్రి."

"సార్ పొద్దుగాల గుడిల, మాపటికి గుడిల. కరెంట్ ఏమన్న మీ సార్‌ను అడిగి పోతదా?"

ముక్కుకున్న సిలిండరు గొట్టం పక్కకు తీసి, తాడు పట్టుకుని గుంజాను. అది మూరెడు కూడా రాలేదు. కళ్ల ముందు చీకట్లు. స్టూలు మీద కూలబడ్డాను. మా ఆయన గొట్టం మళ్లీ పెట్టి వీపు రాస్తున్నారు. దుకాణంవాడు మాత్రం గెలిచినవాడిలా నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడుస్తానా! మింగేశాను.

ఊపిరి అందాక అడిగాను. "తాళంచెవి తిప్పితే స్టార్ట్ అయ్యేది లేదా?"

"ఉన్నది గానీ..."

"ఆ గానీ సంగతి నేను చూస్కుంట. తియ్యి బయటికి."

అదే కంపెనీది, బ్యాటరీ ఉన్నది, గోదాములోంచి తెప్పించాడు. తాళంచెవి తిప్పాను. గుర్రుమని అందుకుంది. నా రెండు వేళ్లతో! దానికి నా మిషను తగిలించి, ఆ స్టూలు మీదే తిష్ట వేసుకుని కూర్చున్నాను. వాడు చాయ్ తాగాడు, వేరే బేరాలు చూసుకున్నాడు, ఇంకా కూర్చున్నావా అన్నట్టు చూశాడు. కూర్చున్నాను. నా మిషను ఒక్కసారి కూడా అరవలేదని రూఢి అయ్యాకే లేచాను.

అసలు లొల్లి ఇంటికి వచ్చాక మొదలైంది.

మా ఆయన స్నానం చేసి వచ్చి దానికి పసుపూ కుంకుమా పెట్టారు, పూలు చుట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత దాన్ని ఈడ్చుకుంటూ వంటింటి వెనక, అంట్లు తోముకునే చోటికి తీసుకెళ్లారు. మూడు వైపులా గోడలు, నెత్తిన రేకు. ఉన్న ఒక్క సందూ నా గది కిటికీ కిందికే.

"ఈడెందుకు?" అన్నాను.

"ఆగ్నేయం గదా. నిప్పుతోని నడిచేది ఆగ్నేయంలనే ఉండాలె" అన్నారు, పిల్లలకు పాఠం చెప్పినట్టు.

నడిపించి చూశాం. నా గదిలో మిషను చక్కగా పనిచేస్తోంది. కాసేపటికి కణతలు బరువెక్కాయి. కళ్లు మండాయి. పొగ కనిపించలేదు. కానీ పొగ సంగతి నాకొకరు చెప్పాలా! నా మిషను ఆ గదిలో గాలినే కదా లాగి నాకిచ్చేది. కిటికీ కింద జనరేటరు ఊదుతుంటే నా ముక్కుకు చేరేదేమిటి? గొట్టం తీసేసి, గోడ పట్టుకుని వెళ్లి ఆపేశాను. మా ఆయన్ని బయటికి లాగి, దాంతో వచ్చిన పుస్తకం తెరిచి చూపించాను. ఇంటి లోపల, మూసిన చోట, కిటికీల దగ్గర నడపొద్దు, వాసన లేని విషం వస్తుంది, మనిషి పోతాడు అని లావు అక్షరాల్లో ఉంది.

"వాళ్లకు వాస్తు తెల్వదే" అన్నారాయన.

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. "ముంగట అరుగు మీద పెడదం. మీద రేకున్నది, మూడు దిక్కుల గాలి ఉన్నది" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "అది ఈశాన్యం! దేవుని మూల! ఆడ నిప్పు పెడితే ఇంటి ఆడమనిషికి గండమంటరు. నీ కోసమే చెప్తున్ననే."

ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే నా కోసం భయపడుతున్నారు. అదే నన్ను ఎక్కువ రగిలించింది.

"ఆ ఆడమనిషిని నేనే. మీ గుడికి కట్టెల పొయ్యి మీదనే వండాలంటిరి. కాపురానికి వచ్చిన దినం నుంచి తడిచీరతోని కట్టెలు ఊదుకుంట నైవేద్యం వండిన. ఏడ కూసోని వండిన? ఆగ్నేయంల! వాస్తు తప్పిందా? గీటు తప్పలే. మరి నా ఊపిరెక్కడ పోయింది? ఇగ ఈ ఇంట్ల ఆగ్నేయం మాట ఎత్తిండ్రంటే మంచిగుండదు!"

అంత మాట్లాడేసరికి దగ్గు కమ్ముకుంది. ఆయన నీళ్లు తెచ్చిచ్చారు. ఆ సాయంత్రం గుడి నుంచి రోజూ కంటే ఆలస్యంగా వచ్చారు. పొద్దున నేను లేచేసరికి అరుగు కడిగి ఉంది. జనరేటరును ఆయనే మోసుకొచ్చి అక్కడ పెడుతున్నారు. "సామికి చెప్పి వచ్చిన" అన్నారు, నా వైపు చూడకుండా. కింద ఒక నిమ్మకాయ మాత్రం పెట్టుకున్నారు. పెట్టుకోనీ, నిమ్మకాయ పొగ వదలదు.

ఇక మిగిలింది ఎదురిల్లు. మా అరుగుకు ఎదురుగా ఆపా వాళ్ల కిటికీ. మెల్లగా గల్లీ దాటి వెళ్లి నేనే అడిగాను. భాయ్ తల గోక్కున్నాడు. "భాభీ, ధువా మా దిక్కు వస్తది గదా. ఆవాజ్ ఒకటి. గల్లీల పెడితే చోర్లు గూడ ఎత్తుకపోతరు."

న్యాయమైన మాటలే. అందుకే పొగ గొట్టం అటు మీ కిటికీకీ ఇటు నా కిటికీకీ కాకుండా గల్లీ మలుపు వైపు తిప్పుతానన్నాను. అరుగు కడ్డీలకు గొలుసు వేసి తాళం పెడతానన్నాను. "ఇగ ఆవాజ్ అంటవా భాయ్, మీ బిడ్డ పెళ్లికి గంత పెద్ద జనరేటర్‌ను మా గోడకే ఆనించి తెల్లార్లు నడిపితిరి. నేను ఒక్క మాటన్న అన్ననా?"

ఆపా కిసుక్కున నవ్వింది. భాయ్ కూడా నవ్వేశాడు. "అన్లేదు భాభీ. బిర్యానీ తినలేదు గానీ మిఠాయి తిన్నరు. పెట్టుకోండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి."

దసరా ముందు ఒక ఆదివారం సాయంత్రం తమ్ముడొచ్చాడు. కారు మా గల్లీలో పట్టదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచొచ్చాడు. మా ఆయన గుడికి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ గడపలో ఆగి నా వైపు చూశారు. పొమ్మని చెయ్యి ఊపాను. తమ్ముడు చాయ్ తాగి, పరీక్ష పెట్టడానికి మెయిన్ స్విచ్ ఆపుతానని లేచాడు. వాడికా శ్రమ తప్పింది. బయట చినుకులు మొదలయ్యాయి, గల్లీ మొత్తం కరెంటు పోయింది.

ఇన్వర్టరు మీద నా మిషను మూలుగుతోంది. తమ్ముడు కంగారుగా అరుగు వైపు ఉరికాడు. "అక్కా, నువ్వు కూసో, నేను చేస్త!"

"కదిలినవంటే కాళ్లిరగ్గొడ్త. పరీక్ష నీదా నాదా?"

ముక్కు నుంచి గొట్టం తీసి మంచం మీద పెట్టాను. ఆక్సిజనుతో ఇంజను దగ్గరికి పోకూడదు. గోడ పట్టుకుని, మధ్యలో ఒకసారి కుర్చీ మీద ఆగి, అరుగు మీదికొచ్చాను. నా గది కిటికీ వైపు చూశాను, మూసే ఉంది. తాళంచెవి తిప్పాను. అందుకుంది. అది కుదురుకునేదాకా ఆగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చాను. అరుగు నుంచి గది దాకా లాగిన వైరుకు మిషను తగిలించాను. గొట్టం పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. మిషను అరవలేదు, నేనూ పడిపోలేదు. తమ్ముడు గుమ్మంలో నిలబడి కారు తాళాలు చేతిలో తిప్పుతూ తిప్పుతూ జేబులో వేసుకున్నాడు.

అప్పుడే వాన చప్పుడు మీదుగా ఎదురింటి గడపలోంచి కేక వచ్చింది.

"అక్కా! మీకున్నదా?"

తమ్ముడు జవాబివ్వడానికి నోరు తెరిచాడు. చెయ్యి అడ్డం పెట్టాను. గొట్టం ఇచ్చినంత గాలీ రొమ్ములోకి లాక్కున్నాను.

"ఉన్నదీ!" అని గల్లీ అంతా వినేలా అరిచాను.