మురుంగపాక్కంలో మళ్లీ అడిగిన ప్రశ్న

మా ముత్తాత ఫ్రెంచి దొరల కొలువులో రెండు భాషల మధ్య మాట చేరవేసే దుబాసీ. మా తాత కోర్టులో తీర్పులను తెలుగులోకీ తమిళంలోకీ మార్చి వినిపించేవాడు. మా నాన్న వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. పనిబడ్డవాళ్లు మా ఇంటికి రావడమే గాని మావాళ్లు ఒకరి గుమ్మం తొక్కి ఎరగరు.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. తొమ్మిదో తరగతికి పట్టికలూ గ్రాఫులూ చదవడం, వాటిని ప్రశ్నించడం నేర్పుతున్నాను. ఆ ఏడాది మా పెద్ద మేడం బడిలో తెలుగు తరగతి ఎత్తేయాలనుకున్నారు. పిల్లల ఇళ్లకు పంపిన కాగితంలో ఒకటే ప్రశ్న: ఇంట్లో ఎవరికైనా తెలుగు చదవడం, రాయడం వచ్చా? దాదాపు అందరూ రాదనే రాశారు. ఆ జవాబులతో గ్రాఫు గీసి, పైన 'తెలుగు కుటుంబాలు' అని పేరు పెట్టి, నోటీసు బోర్డుకు అంటించారు.

నా తరగతిలో యానాం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. తండ్రికి ఇక్కడికి బదిలీ అయింది. తెలుగు తీసేస్తే ఆ పిల్ల తమిళం అక్షరాల దగ్గర మొదలుపెట్టి, పై ఏడాదే పరీక్ష రాయాలి. గ్రాఫు చూసొచ్చి నన్ను అడిగింది.

"పైన రాసింది కుటుంబాలని కదండీ టీచర్. అడిగిందేమో చదవడం గురించి. రెండూ ఒకటేనాండీ?"

అంకెను నమ్మే ముందు అది ఏ ప్రశ్నకు జవాబో చూడమని నేను చెప్పిన పాఠమే అది. ఇంతకన్నా ఏ టీచరుకైనా ఏం కావాలి?

"కావు. మళ్లీ అడుగుదాం పద," అన్నాను.

పిల్లల్ని పంపి నేను బడిలో కూర్చోలేదు. మా బడి పిల్లలు ఎక్కువగా ఉండే మురుంగపాక్కంలో ఇంటింటికీ వాళ్లతోపాటు నడిచాను. కొళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న ఒకావిడ మమ్మల్ని చూసి నవ్వింది.

"మాకు తెలుగు యాడ వస్తాది టీచరమ్మా? ఒక ఎళుత్తు, ఒక అచ్చరం కూడా తెలీదే."

"మరి ఇప్పుడు మీరు మాట్లాడేదేంటండీ పిన్నిగారూ, జపాను భాషా?" అంది యానాం పిల్ల.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆవిడ బిందె దించింది.

"ఇది ఇంట్లో మాట పాపా. దీన్ని కూడా లెక్క రాస్తారా ఏంది? అట్లయితే రాసుకో. మా బిడ్డకి ఎళుత్తు కూడా నేర్పించండమ్మా."

పిల్లలు కొత్త గ్రాఫు గీశారు. చదవగలిగే ఇళ్లకు ఒక గీత, ఇంట్లో తెలుగు మాట్లాడే ఇళ్లకు పక్కనే ఇంకొకటి. రెండో గీత కాగితం పై అంచు దాకా లేచింది. పెద్ద మేడం రెండు గీతలూ చూసి, పాత గ్రాఫును తన చేత్తోనే బోర్డు మీంచి తీసేశారు.

"దుబాసీల ఇంటివారు కదా, పిల్లలందరినీ వకీళ్లను చేశారు," అన్నారు తమిళంలో. "తరగతి ఉంటుంది. కొత్తగా చేరేవాళ్లకు వాచకాలు మాత్రం బడి కొనలేదు."

"నేను కొంటాను," అన్నాను.

ఆ శనివారం వాచకాల డబ్బు కోసం మా ముత్తాత నాటి టేకు పందిరిమంచాన్ని కడలూరు రోడ్డులో పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశాను.