వంకర కాజాలు

టైలరమ్మ నోరు మంచిది కాదని వీధంతా ఒప్పుకుంటుంది. ఆమె కుట్టుకు వంక పెట్టే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు. పదిహేనేళ్ల కూతురు బుల్లి బడి నుంచి రాగానే చొక్కాలకు కాజాలు కుట్టేది. నెలకు రెండు మూడు రోజులు మాత్రం పొత్తికడుపు పట్టుకుని, కటింగ్ బల్ల కింద ముడుచుకు పడుకునేది.

"అందరికీ ఉండేదేనే, ఓర్చుకో," అనేది తల్లి. వంకరపోయిన కాజాలు చూపించి చెడామడా తిట్టేది కూడా.

ఒకరోజు, విప్పి మళ్లీ కుట్టాల్సిన చొక్కాలు మూడు పోగుపడ్డాయి. వాటికి గుచ్చిన చీటీల మీద తేదీలు చూసింది టైలరమ్మ. సరిగ్గా నెలకొకటి, అదీ బుల్లి కడుపు పట్టుకున్న రోజుల్లోనే. సాకులు చెప్పే పిల్ల క్యాలెండర్ చూసుకుని మరీ చెయ్యి వణికించదు కదా! "నిన్ను నమ్మలేదే తల్లీ," అంటూ ఆ పూటే షాపు మూసి కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

స్కాన్‌లో గర్భసంచి గోడలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. నెలనెలా నెత్తురు బయటికి దారిలేక అందులోనే నిలిచిపోతోంది. ఈ వయసులో చాలా అరుదట. సంచి తీసేయడమే మేలన్నాడు డాక్టరు. టైలరమ్మ కాగితాలు లాక్కున్నంత పనిచేసి, పెద్దాసుపత్రి సర్జనమ్మ దగ్గరికి పరుగెత్తింది.

సర్జనమ్మ బొమ్మ గీసి చూపించింది. "గడ్డ ఒక్కటే తీస్తామమ్మా. సంచి ఉంటుంది. పెద్దయ్యాక పిల్లల్ని కనే అవకాశం పోదు."

"లోపలి లైనింగ్ తెగదు కదండీ?"

"తెగకుండానే చూస్తాం."

"ఎన్ని వరసలు కుడతారు?"

"పొరకో వరస."

"దారం మరీ బిగించకండి, ముడతలు పడతాయి."

బుల్లి సిగ్గుతో చచ్చిపోయింది. "అమ్మా, ఆవిడకి పని నేర్పకు."

సర్జనమ్మ పకపకా నవ్వింది. ఆపరేషన్ రోజు బయటికొచ్చి, "సంచి క్షేమం. కుట్లు మీరు చూసినా వంక పెట్టలేరు," అంది. టైలరమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మూడు నెలలు గడిచాయి. ఆ రోజు టైలరమ్మ వేడినీళ్ల సంచి సిద్ధం చేసుకుని షాపులోకి వచ్చింది. బుల్లి బల్ల కింద లేదు. కిటికీ దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తూ కాజాలు కుడుతోంది.

"ఇవాళ మొదటిరోజు కదే?"

"అవును. కొంచెం లాగుతోంది, అంతే. ఆ నల్లదారం ఇలా ఇవ్వు."

టైలరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చొక్కా వెలుతురుకు పట్టింది. ఏడు కాజాలనూ తిరగేసి మరగేసి చూసింది.

"ఒక్కటైనా వంకరపోలేదేంటే," అని కసురుతూనే, ఆ చొక్కా చేతితోనే కళ్లు తుడుచుకుంది.

"అమ్మా, అది బేరంవాళ్ల చొక్కా."

"ఉతికిస్తాలేవే," అంది టైలరమ్మ, ఇంకోసారి తుడుచుకుంటూ.