కెనడాలో బాస్కెట్‌బాల్ ఎవరు చూస్తారు?

నా చిన్నప్పుడు ఐర్లండ్‌లో, ఆడమ్స్‌టౌన్‌లోని మా ఇంట్లో బాస్కెట్‌బాల్ మాటెత్తితే గొడవే. శనివారం పొద్దున మా స్కూల్ హాల్లో ఆ ఆట నేర్పేవారు. సరిగ్గా అదే సమయానికి మా నాన్న, ఆయన ఆఫీసు స్నేహితులు పార్కులో క్రికెట్ ఆడేవారు. నాన్న కెప్టెన్. కొడుకు తన జట్టులోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. అక్కడ నా పని పొదల్లో పడ్డ బంతి వెతికి తేవడం. స్కూల్ జట్టులో మాత్రం నాకు నిజంగానే చోటు దొరికింది. మొదటి మ్యాచ్ ఆ వచ్చే శనివారమే.

నాన్న వాదన ఎప్పుడూ మూడు ముక్కలు. ఒకటి, ఐర్లండ్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండు, మనవాళ్లెవరూ ఆడరు. మూడు, అమెరికా పక్కనే ఉన్న కెనడాలో కూడా జనానికి ఐస్ హాకీ తప్ప మరొకటి పట్టదు. మూడోదానికి ఆయనకు సాక్షి కూడా దొరికింది. టొరంటో దగ్గర ఉండే మా అత్తయ్య, అంటే నాన్నకు అక్క, ఆ వారమే మా ఇంటికి వచ్చింది.

శుక్రవారం భోజనాల దగ్గర నాన్న మొదలుపెట్టాడు. "అక్కా, నువ్వైనా చెప్పు వీడికి. మీ కెనడాలో బాస్కెట్‌బాల్ ఎవరు చూస్తారు?"

"ఎవరు చూడరో అడగరా," అంది అత్తయ్య. "మా వీధిలో సగం ఇళ్ల ముందు బంతి వేసే బుట్టలే. టొరంటో జట్టు గెలిచిందంటే మా పక్కింటి పంజాబీ తాత కూడా వీధిలోకొచ్చి అరుస్తాడు."

"హాకీ కంటే ఎక్కువా?"

"హాకీనే ఎక్కువ. కాదన్నానా? కానీ దానికి మంచు మైదానం కావాలి, స్కేట్లు కావాలి, ఒళ్లంతా ప్యాడ్లు కావాలి. కొత్తగా వచ్చినవాళ్లకి అవన్నీ ఎక్కడివి? బంతి ఒక్కటుంటే చాలని పిల్లలు దీనికి ఎగబడ్డారు. వాళ్లే పెద్దాళ్లయ్యి ఇప్పుడు టీవీల ముందు కూర్చుంటున్నారు."

నాన్న వెటకారంగా నవ్వాడు. "అయితే వీణ్ణి నీతో పంపిస్తా. నువ్వే పెంచు."

అత్తయ్య కంచం పక్కకు జరిపింది. తను పెంచిన తీరేమిటో చెప్పింది. మా బావను అసలు సిసలు కెనడా పిల్లాణ్ణి చేయాలని హాకీలో చేర్పించిందట. ఏడుస్తున్నా స్కేట్లు తొడిగి మంచు మీదకు తోసిందట. బావ అది మానేసి బాస్కెట్‌బాల్ పట్టుకుంటే, ఆ కోపంతో ఒక్క మ్యాచ్‌కీ వెళ్లలేదట. టొరంటో జట్టు ఓ పెద్ద మ్యాచ్ గెలిచిన రోజు ఊరంతా సంబరాల్లో ఉంటే, బావ తన స్నేహితుడి ఇంట్లో, ఆ స్నేహితుడి తల్లి పక్కన కూర్చుని చూశాడట.

"ఆవిడకి ఆట నాకన్నా ఎక్కువేం తెలీదు. కానీ పిల్లలు ఆడినప్పుడల్లా వెళ్లేది. నా కొడుకు ఇప్పుడు నాకు స్కోరు కూడా చెప్పడు. నువ్వూ అలాగే తగలడు," అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు నాన్న క్రికెట్‌కు రానని ఫోన్ చేసి, నన్ను కారెక్కమన్నాడు. దారంతా మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. హాలు నేల మెరుస్తుండటం చూసి, ఇంట్లోలాగే బూట్లు గుమ్మం దగ్గర విప్పి, సాక్సులతో లోపలికి వచ్చాడు. మిగతా తల్లిదండ్రులంతా బూట్లతోనే ఉన్నారు. మా కోచ్ నవ్వుతూ "యూ ఆర్ గ్రాండ్, కీప్ దెమ్ ఆన్", అంటే పర్లేదు, బూట్లు వేసుకునే ఉండొచ్చు, అనేసరికి నాన్న ముఖం కందిపోయింది. వెళ్లిపోతాడనే అనుకున్నాను. చేతులు కట్టుకుని, శత్రువుల మధ్య చిక్కినవాడిలా చివరిదాకా కూర్చున్నాడు.

మేము ఓడిపోయాం. "చెత్త ఆట," అన్నాడు కార్లో. కొంత దూరం పోయాక, "అయినా అవతలి జట్టు పొడుగోణ్ణి వదిలేసి నువ్వు మూలన ఏం చేస్తున్నావురా?" అన్నాడు.

నాన్నకు ఆ ఆట ఇప్పటికీ నచ్చదు. నాకూ ఒక కోపం మిగిలింది. మనవాళ్ల పార్టీల్లో ఏ దేశంలో ఏ ఆటకు ఎక్కువమంది అభిమానులో వాదించుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. "మీ పిల్లలు ఏం ఆడతారు, ఎప్పుడు వెళ్లి చూశారు?" అని మొహం మీదే అడిగేస్తాను. కొందరు నన్ను పిలవడం మానేశారు. అయినా అత్తయ్య దగ్గర అబ్బిన ఈ దురుసుతనాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.