ఫ్రిజ్ అద్దె

నాన్నగారి షుగరు మాత్రలకి లొంగక ఇంజెక్షన్లు మొదలయ్యేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. తొంభైల నాటి మాట. మండపేటలో మందుల షాపతను సీసా చేతికిస్తూ, "ఫ్రిజ్‌లోనే పెట్టాలండి, బయట పెడితే పాడైపోద్ది" అన్నాడు. మా వీధిలో ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఒక్కటే. నాన్నగారికి అక్క వరస అయ్యే మా అత్తయ్యది. నాన్నగారు గుమస్తాగా చేసే రైసుమిల్లు కూడా వాళ్ళదే.

"అడగాలా ఏంటి తమ్ముడూ, మన ఇల్లే కదా, పెట్టుకోండి" అంది అత్తయ్య. ఆ మాటకి అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కన్నీళ్ళని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అంతకుముందు పొద్దున్నే ఇద్దరూ అరుగు మీద కూర్చుని కాఫీ తాగేవారు. నాన్నగారు పేపరు పైకి చదివేవారు, అమ్మ వార్తవార్తకీ అడ్డుపడి తగువు పెట్టుకునేది. ఇంజెక్షన్లు వచ్చాక ఆ అరుగు ఖాళీ అయిపోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అమ్మ మరగబెట్టిన సిరంజి పట్టుకుని అత్తయ్య ఇంటికి వెళ్ళేది. సీసాలోంచి సిరంజిలోకి మందు ఎక్కించుకుని, దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని వచ్చేది.

మొదటి నెల వెళ్ళిన దారినే వచ్చేసేది. తరవాత ఒకరోజు అత్తయ్య, "ఎలాగూ వచ్చావు కదా, కాస్త ఆ చింతపండు గింజలు తీసిపెట్టవా?" అంది. ఇంకోరోజు పప్పు రుబ్బాలి, మరోరోజు కొబ్బరి తురమాలి. వేసవిలో ఆవకాయ జాడీలన్నీ అమ్మ చేతిమీదుగానే నిండేవి. ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. అంతా మర్యాదే! "నీ చేతి రుచి ఎవరికీ రాదు మరదలా" అంటూ తేరగా దొరికిన మనిషి చేత ఇంటెడు చాకిరీ చేయించుకున్నారు. ఉన్న పనిమనిషిని కూడా మాన్పించేశారు.

మందు పడందే నాన్నగారు అన్నం ముట్టకూడదు. అమ్మ అక్కడ పిండి రుబ్బుతుంటే ఈయన ఇక్కడ కంచం ముందు పెట్టుకుని వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవారు. ఒక్కోరోజు చెమటలు పట్టి గోడకి చేరగిలబడిపోయేవారు. నేను పరిగెత్తుకెళ్ళి పిలిస్తే అత్తయ్య, "అయ్యో, చెప్పవేం మరదలా, వెళ్ళు వెళ్ళు" అనేది. మర్నాడు మళ్ళీ మామూలే.

మనమే ఒక ఫ్రిజ్ కొనుక్కుందామని అమ్మ రెండుసార్లు డబ్బు కూడబెట్టింది. మొదటిసారి దాచింది నాన్నగారి కాలి పుండు తినేసింది. రెండోసారి కళ్ళకి లేజరు పెట్టించాల్సొచ్చింది. ఆ జబ్బు చేతిలో పైసా నిలవనిచ్చేది కాదు. మందుల ఖర్చు, పరీక్షల ఖర్చు, రాజమండ్రి బస్సు ఖర్చు అందరికీ కనిపించేవి. చుట్టాలు నోరారా జాలిపడేవారు. అమ్మ కట్టే ఈ అద్దె మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

రెండువేలు దాటాక మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయంటే నాన్నగారిని రాజమండ్రిలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అంతా అయ్యాక అమ్మ గుమ్మం దగ్గర ఆగి, భయంభయంగా అడిగింది. "కరెంటు పోతే ఫ్రిజ్ చల్లగా ఉండట్లేదండి. మందు పాడైపోద్దాండి?"

"నెలకి ఎన్ని సీసాలు కొంటారమ్మా?"

"ఒకటేనండి. అది అయిపోయాకే ఇంకోటండి."

"వాడుతున్న సీసాకి ఫ్రిజ్ ఎందుకమ్మా! పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి దాన్లో ఉంచుకుంటే చాలు. ఇన్నేళ్ళూ మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. డాక్టరు గారి టైము తినేస్తామేమోనని మొహమాటపడ్డాం.

మండపేటలో బస్సు దిగగానే అమ్మ రెండు కుండలు కొంది. మర్నాడు పొద్దున్నే సీసా తెచ్చేసుకుంది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. "అవసరం తీరాక మేం కానివాళ్ళమైపోయాం" అని అత్తయ్య ఊరంతా చెప్పుకుంది.

నాన్నగారు మరో ఏడాది బతికారు. అప్పటికి చూపు సరిగా ఆనేది కాదు. అరుగు మీద అమ్మే కూడబలుక్కుంటూ పేపరు చదివేది, ఆయన తప్పులు దిద్దేవారు. అన్నేళ్ళ తరవాత మా ఇంట్లో మళ్ళీ తగువు వినిపించింది.

ఆయన పోయిన నాలుగో రోజు అత్తయ్య పరామర్శకి వచ్చింది. గదినిండా ఆడవాళ్ళు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా ఫ్రిజ్ లేకపోతే మా తమ్ముడు ఇన్నాళ్ళు బతికేవాడా అమ్మా" అంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. నేను నోరు తెరిచేలోపే మూలన కూర్చున్న అమ్మ తలెత్తింది.

"ఆ మందుకి కుండ చాలంటండి వదినగారూ. తెలియక మీ ఇంటికొచ్చాను. తెలిసుంటే ఆ పొద్దులన్నీ ఆయన పక్కనే కూర్చునేదాన్ని."

అత్తయ్య కళ్ళు తుడుచుకుని, అదే వీధిలోని ఇంటికి వెళ్ళడానికి కారు వచ్చిందేమో చూడమని నాతో అంది.